బాపు చేత కల్లు మాన్పించాను

నేను ఫార్మసిస్టునంటే మా చుట్టాలకు మందుల షాపే గుర్తొస్తుంది. పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా "షాపు ఎట్ల నడుస్తున్నది?" అని అడుగుతారు. నాకు షాపు లేదు మొర్రో అని చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఇప్పుడు "మస్తు నడుస్తున్నది" అనేస్తున్నాను. నా పని మంచాల దగ్గర. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, ఊరు దాటాక, మాజీ సైనికుల కోసం ఒక ట్రస్టు నడిపే కేంద్రం ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లు, కాలో చెయ్యో పోయినవాళ్లు, ఇంట్లో చూసుకోలేని స్థితికి చేరినవాళ్లు అక్కడ నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి ఉంటారు. ఒక్కొక్కరికి గుప్పెడు మాత్రలు. ఏది దేనితో పడదు, ఏది ఎవరి కిడ్నీకి బరువు, ఏది తగ్గించాలి, ఏది ఆపాలి అని చూసి డాక్టరుకు చెప్పడం నా ఉద్యోగం. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి అక్కడి నర్సులు నాకంటే బాగా చెబుతారు.

సైనికులు అనగానే జనం మీసాలూ తుపాకులూ అనుకుంటారు. మా దగ్గర ఉన్నవాళ్లలో లారీలు తోలినవాళ్లున్నారు, బట్టలు కుట్టినవాళ్లున్నారు. పిట్లం నుంచి వచ్చిన ఒకాయన ఉద్యోగమంతా టెలిఫోను తీగలు లాగాడు. మీసాలు మొలిచీ మొలవకముందే, ఊళ్లో కూలి తప్ప ఇంకో దారి కనబడక, భర్తీకి పోయిన పేదింటి పిల్లలు వాళ్లంతా. ట్రస్టువాళ్లు మాత్రం వరండా గోడ మీద మంచుకొండ ఎక్కుతున్న జవాన్ల బొమ్మ వేయించారు. చూసినప్పుడల్లా నాకు చిరాకు. ఆ బొమ్మ కింద కూర్చునే మా పిట్లం తాత బీడీ అడుక్కుంటాడు.

బాపు వచ్చింది ఎండలు ముదిరిన రోజుల్లో. నాగిరెడ్డిపేట దిక్కు పల్లె ఆయనది. పక్షవాతంతో కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. ఏదో చెప్పాలని నోరు తెరుస్తాడు, గొంతులోంచి గరగర తప్ప ఏమీ రాదు. పెద్ద దవాఖానాలో ప్రాణం నిలబెట్టి, ఇక నడక నేర్పించుకోండని మా దగ్గరికి పంపారు. వెంట ఆయన భార్య వచ్చింది. ఆయన్ను బాపు అని, ఆమెను అవ్వ అని అందరం పిలిచేవాళ్లం. బట్టల మూటతో పాటు బీడీల చాట కూడా తెచ్చుకుంది. మంచం పక్కనే కింద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టేది. మా కేంద్రం చూసుకునే రిటైర్డు సుబేదార్ సాబు ఒకటి రెండుసార్లు గొణిగాడు గానీ, ఆమె తలెత్తి చూడనైనా లేదు. ఆ ఒక్క సంగతికే నాకు ఆమె నచ్చేసింది.

ఒక కొడుకు. ఊళ్లో ట్రాక్టరు నడుపుతాడు. వచ్చినప్పుడల్లా కాళ్ల దగ్గర నిలబడి తండ్రి పాదాలు పట్టి చూసేవాడు.

బాపు మొదట రెండు రోజులు బాగానే ఉన్నాడు. ఆ తరవాత వణుకు మొదలైంది. చెమటలతో పక్క తడిసిపోతోంది. పడిపోని ఎడమచేత్తో దుప్పటి మీద ఏవో పాకుతున్నట్టు దులుపుతున్నాడు. గోడవైపు చూసి కళ్లు పెద్దవి చేసి అరుస్తున్నాడు. మంచం మీంచి దూకబోతే ఇద్దరు ఆయాలు పట్టుకోవాల్సి వచ్చింది.

సుబేదార్ సాబు వచ్చి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బాపు ముంజేతుల మీద తెల్లగా మచ్చలుంటే వాటిని తాకి, "చూసిన్రా, గాయాలు. జంగ్ యాదికొస్తున్నది పాపం. నేను మస్తుమందిని చూసిన గిట్ల" అన్నాడు. ఆయన చెబితే వార్డంతా నమ్మింది. నర్సులు గొంతులు తగ్గించారు. కొడుకు ఫోనులో వీడియో తీసి ఊళ్లోవాళ్లకు పంపించాడు. మర్నాడు ఊరి నుంచి ఆటోలో జనం వచ్చి, బాపు మంచం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వారానికి రెండుసార్లు కామారెడ్డి నుంచి వచ్చే డాక్టరు ఆ రోజు రాలేదు. ఫోనులో ఇదంతా విని, మతి చెదిరినవాళ్లకిచ్చే మందొకటి మొదలుపెట్టమన్నాడు. అంత గోల ఫోనులో వింటే ఎవరైనా అదే చెబుతారు.

ఆ మందు పేరు చూశాక నాకు కాలు నిలవలేదు. అది కొందరికి ఫిట్సు తెప్పిస్తుంది. పోయి అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, బాపు ఏ యుద్ధంల కొట్లాడిండు?"

అవ్వ బీడీకి దారం చుడుతూ నన్ను వింతగా చూసింది. "యుద్ధమా? గాయిన యాడ కొట్లాడిండు బిడ్డా? లంగర్ల, గదే ఫౌజు వంటింట్ల, రొట్టెలు కాల్చిండు. నౌకరంత పొయ్యి కాడనే ఎల్లిపోయింది."

"మరి చేతుల మీద మచ్చలు?"

"నూనె చింది కాలినయ్. రిటైరై వచ్చినంక ఇంట్ల గూడ గాయినే వండేది. నా కూర నోట్లె పెడితే మొకం గిట్ల పెడుతుండె" అని మూతి వంకర పెట్టి చూపించి, ఆ స్థితిలో కూడా నవ్వింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వార్డు వార్డంతా రొట్టెల మచ్చలకు సెల్యూట్ కొడుతోంది! అప్పుడు మెల్లగా రెండో ప్రశ్న అడిగాను. "కల్లు తాగుతుండెనా?"

"తాగకుంట ఎట్లుంటరు? పొద్దుగాల రెండు సీసలు, మాపటికి రెండు."

"చెట్టు కల్లా?"

"గన్ని చెట్లు యాడున్నయ్ బిడ్డా మా దిక్కు? దుకాణపు కల్లే."

దుకాణపు కల్లు ఏమిటో మా జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరికి పది చెట్లుంటాయి, ఊరంతా తాగేంత కల్లు ఉంటుంది. నీళ్లలో చక్కెర, పొడి, నురగ కోసం ఒకటి, మత్తు కోసం ఒకటి. ఆ మత్తు కోసం కలిపేది నిద్రమాత్రల్లో ఉండే మందే. ఏళ్ల తరబడి రోజూ అది ఒంట్లోకి పోయాక, కల్లు ఒక్కసారిగా ఆగిందంటే ఒళ్లు తిరగబడుతుంది. వణుకు, చెమటలు, లేనివి కనబడటం, ఆఖరికి ఫిట్సు. ఎల్లారెడ్డి వైపు ఏ దుకాణమైనా నాలుగు రోజులు మూతబడితే, దవాఖానా వరండాల్లో ఇట్లాంటివాళ్లే వరసగా పడి ఉంటారు.

"పెద్ద దవాఖానల అన్ని దినాలుంటే అక్కడ ఏం కాలేదా?" అని అడిగాను.

అవ్వ కొడుకు వైపు చూసింది. కొడుకు నేల చూశాడు. "నీళ్ల సీసల తెచ్చి చెంచతోని పోసిన మేడం. ఆశపడుతుండె. ఈడ గేటు కాడ సాబు గుంజుకున్నడు" అన్నాడు. సుబేదార్ సాబు గేటు దగ్గర ప్రతి సంచీ వెతికిస్తాడు. ఆయన క్రమశిక్షణ వల్ల బాపుకు మొదటిసారి కల్లు ఆగింది. సాబు చెప్పిన యుద్ధం మొదలైంది కూడా అందుకే.

నేను డాక్టరుకు ఫోను చేస్తుండగానే లోపల ఫిట్సు వచ్చాయి. ఆ మందు అప్పటికి ఒకసారి పడింది. పరుగెత్తి పోయేసరికి బాపు ఒళ్లంతా కొట్టుకుంటోంది, నోటి వెంట నురగ, అవ్వ చాట నేలమీద బోర్లా పడి ఆకులు అంతటా చెల్లాచెదురు. ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. "సార్, ఇది యుద్ధమూ కాదు, గిద్ధమూ కాదు. కల్లు ఆగింది. ఆ మందు ఆపండి, డయాజిపామ్ పెట్టండి" అని అరిచాను. డాక్టరు మంచివాడు, ఎదురు చెప్పలేదు. నర్సు సూది వేశాక ఫిట్సు ఆగాయి. తరవాత ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాం. కల్లులో పోయే మందుకు బదులు అదే జాతి మాత్ర ఇచ్చి, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవాలి. తొందరపడితే మళ్లీ ఫిట్సు.

సుబేదార్ సాబుకు నా మీద బాగా కోపమొచ్చింది. "ఫౌజీ ఆద్మీని పట్టుకోని కల్లుకు గులాం అంటవా?" అన్నాడు.

"గులాం అనలేదు సాబ్. రోగమన్న. మీ జంగ్‌కు మందిస్తే ఆయన పానం పోతుండె ఇయ్యాల."

ఆ తరవాత ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. కొడుకు మాత్రం సాయంత్రం వరండాలో నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "మేడం, ఊళ్లె చెప్పకుండ్రి. యుద్ధమనే అనుకోనియ్యిండ్రి. గంత ఇజ్జత్ ఎన్నడు దొరకలె మా నాయనకు." నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. సరే అన్నాను.

మందు కుదురుకున్నాక బాపు మనిషయ్యాడు. ఫిజియోథెరపీ అబ్బాయి రెండు కమ్మీల మధ్య నిలబెడితే మొదట్లో కూలబడిపోయేవాడు. రానురాను నిలిచాడు. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకున్నాడు. కేంద్రం వంట ఆయనకు అస్సలు నచ్చలేదు. పప్పు నోట్లో పెట్టుకోగానే, అవ్వ చేసి చూపించిన ఆ మూతి వంకర నిజంగానే పెట్టేవాడు. వార్డంతా నవ్వేది. మాట మాత్రం రాలేదు. అవ్వ రోజూ ఆయన ముఖం దగ్గర ముఖం పెట్టి, "ఒక్కపారి ఏమే అను. గట్లనే పిలుస్తుంటివి గద నన్ను. ఒక్కపారి అనరాదు?" అని బతిమాలేది. గరగర తప్ప ఏమీ వచ్చేది కాదు.

"నడిచి మా ఊరి ఎల్లమ్మ గుడిదాంక పోయిండంటే బోనం చేస్త, సాక పోస్త" అని మొక్కుకుంది. అమ్మవారి ముందు కల్లు ధార పోయడాన్ని మా దిక్కు సాక అంటారు. మొక్కుకుందని నాకు తెలుసు. ఎవరింట్లో మొక్కులుండవు?

వారం వారం మాత్ర తగ్గిస్తూ వచ్చాం. వణుకు మళ్లీ రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా ఉండేది. ఎవరూ చూడనిది నేను చూశానని, మనిషిని నిలబెట్టానని. కమ్మీలు వదిలి, కర్ర పట్టుకుని బాపు మంచం నుంచి తలుపు దాకా నడిచిన రోజు ఇంటికి మిఠాయి కొనుక్కుని వెళ్లాను. మా ఆయన "ఏంది, ప్రమోషనా?" అని ఎగతాళి చేశాడు. అంతకంటే ఎక్కువే అన్నాను.

ఆ రోజుల్లోనే కొడుకు ఒంటరిగా వచ్చాడు. పొద్దున్నే వచ్చాడు. చెయ్యి చాపి చూపించాడు. వేళ్లు వణుకుతున్నాయి. "నాది గూడ గదే దుకాణం మేడం. పొద్దుగాల తాగందే స్టీరింగు పట్టరాదు. పొలంల మనుషులుంటరు, నాకు భయమైతది. నాయనకు మాన్పిచ్చినవ్ గద, నాకు గూడ మాన్పిస్తవా?"

ఇట్లా అడిగేవాళ్లు ఎంత తక్కువో నా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తెలుసు. నా కళ్లలో నీళ్లొచ్చాయి. "మాన్పిస్త బిడ్డా. నాయనను ఇంటికి తోల్కపోయి కుదుటపడంగనే రా. డాక్టరుతోని నేనే మాట్లాడుత. అప్పటిదాంక నీ అంతల నువ్వు ఒక్కపారి ఆపకు, సచ్చిపోతవ్" అన్నాను. తలూపాడు.

బాపును ఇంటికి పంపేరోజు తల్లీకొడుకులను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మిగిలిన మాత్రలు సాయంత్రానికి ఒకటి చొప్పున కట్టి ఇచ్చాను. "అవ్వా, ఇది చెవిల పెట్టుకో. ఇంతకుముందు నాలుగు సీసలు తాగినా ఒళ్లు ఓర్చుకున్నది. అలవాటు పడ్డది గనక ఓర్చుకున్నది. ఇప్పుడా అలవాటు తెంపినం. పాత లెక్కల పోసినవనుకో, ఊపిరి ఆగిపోతది. చుక్క గూడ వద్దు" అన్నాను. నాకే తిరిగి చెప్పమంటే ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. "నేనెందుకు పోస్త బిడ్డా, గింత కష్టపడి లేపినంక" అంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. బాపు వెళ్తూ వెళ్తూ ఎడమచేత్తో నా తల మీద తట్టాడు. సుబేదార్ సాబు గేటు దగ్గర అటెన్షన్‌లో నిలబడి పంపించాడు.

కొద్ది రోజులకే పొద్దున ఫోను మోగింది. కొడుకు. "నాయన లేస్తలేడు మేడం. సల్లగైండు" అన్నాడు. నేను ఫోను పట్టుకుని వంటింట్లో అట్లాగే నిలబడిపోయాను. పాలు పొంగి పొయ్యంతా కారింది.

ఆ రోజు వెళ్లలేకపోయాను. సుబేదార్ సాబు పూలదండా జెండా తీసుకుని వెళ్లాడు. మూడో రోజు, చితి దగ్గర పిట్టకు అన్నం పెట్టేనాడు, నేను ఎల్లారెడ్డిలో బస్సు మారి ఆ పల్లెకు పోయాను. బస్టాపు దగ్గర ఎవరినో దారి అడిగితే "ఫౌజీ సచ్చిపోయిన ఇల్లా? యుద్ధం యాదికొచ్చి గుండె ఆగిందట పాపం" అని చెప్పి మరీ దారి చూపించాడు. పళ్లు నూరుకుంటూ నడిచాను.

ఏం జరిగిందో అవ్వే చెప్పింది. అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏడవకుండా, మొదటి నుంచి చెప్పింది.

బాపు ఇంటి నుంచి ఎల్లమ్మ గుడి దాకా కర్ర పట్టుకుని తనకు తానే నడిచాడు. ముందు డప్పులు, వెనక వాడకట్టంతా. అవ్వ నెత్తిన బోనం. గుడి ముందు బోనం దించి, సీసా వంచి సాక పోసింది. అప్పుడు బాపు ఎడమచెయ్యి చాపాడు. "ఏమే, పొయ్యవే" అన్నాడు. అంత స్పష్టంగా, ఊరంతా వినేట్టు. పక్షవాతం వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. జనం కేకలు పెట్టారు, డప్పులు రెచ్చిపోయాయి, అమ్మవారే మాట తిరిగి ఇచ్చిందన్నారు.

"నేను వద్దన్న బిడ్డా. నీ మాట యాదికున్నది. వద్దంటే వద్దన్న. అమ్మ సాక ఏం చేస్తది, పొయ్యి అని అందరు నా మీదికొచ్చిండ్రు. వాళ్ల మాట నేనినలె. గాయిన మల్ల అన్నడు. ఏమే, పొయ్యవే అన్నడు. ఏమే అన్నడు బిడ్డా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎట్ల పొయ్యకుంట?"

అక్కడ ఒక సీసా తాగాడు. ఇంటికొచ్చాక ఇంకొకటి అడిగాడు, మళ్లీ అదే పిలుపు పిలిచి. ఆమె పోసింది. సాయంత్రం నేను కట్టిచ్చిన మాత్ర కూడా మరిచిపోకుండా వేసింది. గురక పెట్టి పడుకున్నాడు. అంత దూరం నడిచాడు కదా, అలసిపోయాడని లేపలేదు. పొద్దున ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు.

ఎవరి మీద అరవాలి? కలిపి అమ్మినవాడి మీద అరవాలనుంది. వాడు ఆ పొద్దున కూడా దుకాణం తెరిచే ఉన్నాడు, దారిలో చూశాను.

అందరం కలిసి పొలాల్లో దహనం చేసిన చోటికి వెళ్లాం. ఆకు పరిచి అన్నం, మాంసం కూర, ఒక బీడీ కట్ట పెట్టారు. బతికున్నప్పుడు ఇష్టపడ్డవన్నీ పెట్టాలి. ఆకు పక్కన కల్లు సీసా పెట్టారు. పిట్ట వచ్చి ముట్టాలని అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కొడుకు నా పక్కకు వచ్చాడు. ఏదో అడగాలని వచ్చాడని తెలుస్తూనే ఉంది. చేతులు చంకల్లో పెట్టుకుని ఉన్నాడు. "రేపు రా, కేంద్రానికి" అన్నాను మెల్లగా. తలూపబోయాడు.

అవ్వ విన్నది. మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"బిడ్డా, ఒక్కటడుగుత. నిజం చెప్తవా?"

"చెప్త అవ్వా."

"నువ్వు మాన్పియ్యకుంటే, గవే రెండు సీసలు తాగి పొద్దుగాల లేస్తుండెనా లేదా?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఆ కల్లు ఎప్పుడో ఒకప్పుడు ఆయన్ని తినేసేదే. మాన్పించకపోతే గుడి దాకా నడిచేవాడు కాదు. నేను వద్దని చెప్పాను. అన్నీ నిజాలే. ఆమె అడిగింది వాటిలో ఏదీ కాదు.

"లేస్తుండె అవ్వా" అన్నాను.

అవ్వ తలూపింది. నా మీద కోపం లేదు ఆ ముఖంలో, అదే నాకు భరించరానిదిగా ఉంది. కొడుకు మణికట్టు పట్టుకుని తన వెనక్కి లాక్కుంది, చిన్నపిల్లాణ్ణి లాక్కున్నట్టు.

"అయితే వీనికి మాన్పియ్యకు బిడ్డా" అంది. "నీ కాళ్లు మొక్కుత. నాకు వీడొక్కడే ఉన్నడు. తాగనియ్యి, బతకనియ్యి."

"అవ్వా, అట్ల గాదు, విను..." అన్నాను. వినలేదు. నిజంగానే నా కాళ్ల మీదికి వంగింది. నేను ఆమెను భుజాలు పట్టి లేపుతుండగా వెనక ఎవరో "ముట్టింది, పిట్ట ముట్టింది" అన్నారు. అందరూ ఆకు వైపు కదిలారు. కొడుకు తల్లి చెయ్యి విడిపించుకుని వెళ్లి, ఆకు పక్కనున్న సీసా అందుకుని, నా వైపు చూడకుండా ఎత్తి తాగాడు.